డెలివరీ అయ్యి ఉద్యోగంలో మళ్లీ చేరేవాళ్లు ముందు తలలో ఉన్న లిస్టుని దించుకోవాలి

ఆరు వారాల చెకప్ అయిపోయిందంటే ఒళ్లు మామూలైపోయినట్టే అని నేనూ అనుకున్నా, కానీ రాత్రి మూడుసార్లు లేచే మనిషికి ఆ లెక్క పనిచెయ్యదు. ముందు మీ ఒంటి సంగతి చూసుకోండి. డెలివరీ అయిన మొదటి రెండు వారాల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, బేబీ బ్లూస్ అంటారు, దానంతటదే తగ్గుతుంది. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోతే, దేని మీదా మనసు లేకపోతే అది డిప్రెషన్ అయ్యుండొచ్చు, డాక్టర్ని అడగండి. కాన్పు తర్వాత డిప్రెషన్ ఉందేమో చూసుకునే ప్రశ్నల పట్టిక ఒకటి, ఎడిన్‌బరో స్కేల్ అని, 1987 నుంచీ ఉంది, 10 ప్రశ్నలే, గత 7 రోజులు ఎలా గడిచాయో అడుగుతుంది, ఐదు నిమిషాల పని. ఆఖరి ప్రశ్న మనకి మనం హాని చేసుకోవాలనిపించడం గురించి. అలాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా దాచుకోకండి, ఆ రోజే ఎవరికైనా చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అలసట మరీ ఎక్కువుంటే రక్తం, థైరాయిడ్ కూడా టెస్ట్ చేయించుకోండి. కాన్పు తర్వాత ఐరన్ తగ్గడం, థైరాయిడ్ అటూ ఇటూ అవ్వడం మామూలే, అది తెలీక "నాకే చేతకావట్లేదు" అని కుమిలిపోతూ ఉంటాం.

ఇక ఆఫీసు. ఆరు నెలల వరకు తల్లిపాలే ఇవ్వమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన ఒప్పందంలోనేమో ప్రసూతి సెలవు కనీసం 14 వారాలు, అంటే మూడు నెలలకి కాస్త పైన. మధ్యలో ఉన్న ఆ గ్యాప్ మన నెత్తి మీదే పడుతుంది. అదే ఒప్పందంలో పాలిచ్చే తల్లికి పని టైంలోనే బ్రేక్ ఇవ్వాలనీ, అది జీతం ఇచ్చే టైమే అనీ ఉంది, మీ దేశంలో, మీ ఆఫీసులో రూల్ ఏంటో సెలవులో ఉండగానే కనుక్కొని మెయిల్ మీద రాయించుకోండి. నేను అలా చెయ్యలేదు. చేరిన మొదటి వారం మీటింగ్ గంటన్నర సాగింది, చొక్కా ముందంతా తడిసిపోయింది, ఫైల్ గుండెలకి అడ్డం పెట్టుకుని చివరిదాకా అలాగే కూర్చున్నా. ఆ సాయంత్రమే పాలు పిండుకోవడానికి క్యాలెండర్‌లో రోజుకి రెండు స్లాట్లు బ్లాక్ చేశా, కారణం ఎవరికీ వివరించలేదు. పిండిన పాలు మామూలు గది చల్లదనంలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. పంప్ అలవాటు చేరే రోజుకి రెండు వారాల ముందే మొదలుపెట్టండి, వీలైతే వారం మధ్యలో చేరండి, రెండు మూడు రోజులకే సెలవు వస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, అసలు బరువు ఇంకోటుంది. "ఏం చెయ్యాలో చెప్పు, చేస్తా" అంటారు ఇంట్లోవాళ్లు, మంచి మనసుతోనే అంటారు, కానీ చెప్పాల్సింది మనమేగా, అంటే గుర్తుపెట్టుకునే పని మన దగ్గరే ఉండిపోయింది. ఒక రాత్రి కూర్చుని నా తలలో ఉన్నవన్నీ కాగితం మీద రాశా, డైపర్లు అయిపోకముందే కొనడం, గోళ్లు తియ్యడం, పొట్టైపోయిన బట్టలు పక్కన పెట్టడం, టీకా తేదీ... కాగితం రెండు వైపులా నిండింది. మా ఆయన చదివి చాలాసేపు మాట్లాడలేదు. మీరూ రాయండి. పనులు ముక్కలు ముక్కలుగా పంచకండి, ఒక్కో పని మొత్తంగా అప్పజెప్పండి. టీకాలంటే తేదీ గుర్తుపెట్టుకోవడం, అపాయింట్‌మెంట్, ఆఫీసులో సెలవు అడగడం, ఆ రాత్రి జ్వరం చూసుకోవడం, అన్నీ ఆయనవే. రాత్రిని కూడా సగం సగం చేసుకోండి, ఒక్కొక్కరికీ నాలుగైదు గంటలు విడవకుండా నిద్ర దొరికేలా.

అప్పజెప్పాక మళ్లీ ముట్టుకోకండి, ఇది అన్నిటికన్నా కష్టం. మా ఆయన పాపకి గౌను గుండీలు ఒకటి పైకీ ఒకటి కిందకీ పెట్టేవాడు, నేను వెంటనే విప్పి సరిగ్గా పెట్టేదాన్ని, కొన్నాళ్లకి ఆయన బట్టలు మార్చడమే మానేశాడు. తప్పు గుండీలది కాదు. డోనాల్డ్ విన్నికాట్ అని బ్రిటన్ పిల్లల డాక్టర్, సైకోఅనలిస్ట్ కూడా, 1953లోనే చెప్పాడు, తల్లి సరిపడినంత మంచిగా ఉంటే చాలని, మొదట్లో బిడ్డకి పూర్తిగా అందుబాటులో ఉండి మెల్లమెల్లగా కొంచెం కొంచెం తగ్గుతూ పోతేనే బిడ్డ తట్టుకోవడం నేర్చుకుంటుందని. నేను ఆ మాట రెండో ఏడు చదివా, మొదటి వారమే ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేదో.

బర్నవుట్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పని వల్ల వచ్చే పరిస్థితి అంది, జబ్బు అనలేదు. మూడు గుర్తులు చెప్పింది, ఒంట్లో ఓపిక అడుగంటడం, పని మీద విరక్తి, ఏం చేసినా చెయ్యనట్టే ఉండటం. ఇంట్లో అయితే బిడ్డ ఎత్తుకోమని చేతులు చాపినా లోపల ఏమీ కదలదు. అక్కడిదాకా వస్తే సెలవు రోజు ఇల్లు సర్దకండి, పడుకోండి, మేనేజర్‌తో "కష్టంగా ఉంది" అని కాకుండా "ఈ రెండు పనులు వచ్చే నెలకి జరపండి" అని అడగండి, డాక్టర్ని కలవండి. నెలకోసారి ఆ కాగితం మళ్లీ తియ్యండి, బిడ్డ పెరిగేకొద్దీ పనులు మారతాయి, కొత్తవన్నీ చప్పుడు లేకుండా మళ్లీ మన వైపే చేరతాయి.