ఇతరులు రాసిన తెలుగు వికీపీడియా వ్యాసాన్ని దిద్దడం ఎలా?

తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసం తెరిచినా పైన ‘సవరించు’ అని కనిపిస్తుంది. ఎవరో వారం రోజులు కూర్చుని రాసినదాన్ని మీరు ఒక్క నొక్కుతో తెరిచి మార్చేయవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. 2003 డిసెంబరులో మొదలైనప్పటి నుంచీ అక్కడి పద్ధతి ఇదే. తలుపు ఇంత బార్లా తీసి ఉండడంతో కొత్తవాళ్ళలో కొందరు మొహమాటపడి అక్షరం కూడా ముట్టుకోరు. ఇంకొందరు మొదటిరోజే వ్యాసమంతా తిరగరాసేసి, సాయంత్రానికల్లా అది పాత రూపానికి వెళ్ళిపోయిందని అలుగుతారు. రాసినవాళ్ళు చెప్పదలచుకున్నది చెక్కుచెదరకుండా, చదివేవాళ్ళకి అడ్డం పడేదాన్ని మాత్రం తీయడమే దిద్దుబాటు. కింది ఉదాహరణలన్నీ హైదరాబాదు గురించినవే. ఈ ఊరి వ్యాసాల్లో దిద్దడానికి పని ఎప్పుడూ ఉంటుంది.

1. ముందు ఖాతా తెరవండి

వాడుకరి పేరు, సంకేతపదం ఇస్తే చాలు. సంస్థ పేరో దుకాణం పేరో పెట్టుకుంటే ఖాతాను నిరోధిస్తారు, వ్యక్తిగా ఒక పేరు పెట్టుకోండి. మీ ఖాతాకు అనుబంధంగా ‘ప్రయోగశాల’ అనే పేజీ ఉంటుంది. లింకులు, మూలాలు ఎలా పెట్టాలో అక్కడ పదిసార్లు పాడుచేసి నేర్చుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

2. కలం పట్టేముందు చరిత్ర చూడండి

ఈ మెట్టును దాదాపు అందరూ దాటేస్తారు, గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. వ్యాసం పైన ‘చరిత్ర’ నొక్కితే ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో వరసగా కనిపిస్తుంది. మీరు తప్పనుకుంటున్న వాక్యాన్ని నిన్ననే ఎవరైనా మార్చి ఉంటే, ఆ పక్కనే కారణం కూడా రాసి ఉండవచ్చు. ‘చర్చ’ పేజీ కూడా తెరవండి. ఊరి పేరును ‘సికింద్రాబాద్’ అనాలా ‘సికింద్రాబాదు’ అనాలా అని అక్కడ ఇప్పటికే రెండు పేజీల వాదన నడిచి తేలి ఉంటే, మీరు మళ్ళీ కదపడం తేనెతుట్టెను కదిపినట్టే.

పేరా మరీ నున్నగా, అచ్చం పత్రికలోలా ఉంటే అందులోంచి ఒక వాక్యం తీసి కొటేషన్లలో పెట్టి గూగుల్‌లో వెతకండి. అదే వాక్యం ఇంకెక్కడో దొరికితే అది దిద్దాల్సిన పేరా కాదు, తీసేయాల్సిన పేరా. నాలుగు మాటలు అటూ ఇటూ మార్చి పెడితే దొంగసొత్తుకు రంగు వేసినట్టు అవుతుంది, తరవాత పట్టుకోవడం కష్టం. చర్చాపేజీలో లింకుతో సహా రాయండి.

3. అక్షరాలు: ఏది తప్పు, ఏది తప్పు కాదు

ఒత్తులతోనే మొదలుపెట్టవచ్చు. అద్బుతం, బుద్దుడు, వృద్ది, భాద — ఇవి నిస్సందేహంగా తప్పులు. అద్భుతం, బుద్ధుడు, వృద్ధి, బాధ అని మార్చండి. ‘ర్ధ’, ‘ర్థ’ దగ్గర మాత్రం జాగ్రత్త. విద్యార్థి, ప్రార్థన, పదార్థం, సమర్థుడు — వీటన్నిటికీ థ. అది చూసి పేజీ మొత్తం మీద ఒక్కసారిగా ‘ర్ధ’ తీసి ‘ర్థ’ పెట్టేశారనుకోండి, ‘అర్ధరాత్రి’ కాస్తా ‘అర్థరాత్రి’ అయిపోతుంది. సగం అనే అర్థంలో ధ ఉండాల్సిందే. కాబట్టి మూకుమ్మడి మార్పిడి వద్దు, ఒక్కొక్కటే చూసి మార్చండి.

వెళ్ళి–వెళ్లి, చేయాలి–చెయ్యాలి, వున్న–ఉన్న: ఇవి తప్పులు కావు, అలవాట్లు. మీకు నచ్చిన రూపం పెట్టడానికి పేజీ భద్రపరిస్తే, ఆ మార్పును తనిఖీ చేయడానికి ఇంకొకరు పది నిమిషాలు పోగొట్టుకుంటారు.

ఇంకో చిక్కు కంటికి కనపడని అక్షరానిది. ‘హైదరాబాద్‌లో’ అని విడిగా కనిపించాలంటే ద్ తరవాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉండాలి. అది లేకపోతే ద కింద ల వత్తు చేరి ‘హైదరాబాద్లో’ అవుతుంది. చదవడానికి ఇబ్బందే కాదు, లింకుల్లో ఈ గుర్తు ఒక చోట ఉండి ఇంకో చోట లేకపోతే పేజీ దొరక్క లింకు ఎర్రబడుతుంది. ఆ గుర్తు టైపు చేయడం రాకపోతే తెలుగుకు సహజమైన దారి ఉంది: ‘హైదరాబాదులో’, ‘సికింద్రాబాదులో’ అని చివర అచ్చు చేర్చి రాయండి. వ్యాసం పేరు విషయంలో మాత్రం ఉన్నదాన్నే నకలు తీసుకుని అతికించండి.

4. మాండలికాన్ని దిద్దకండి

హైదరాబాదు వ్యాసాల్లో చౌరస్తా, గల్లీ, బస్తీ, దవాఖానా, కమాను తరచు కనిపిస్తాయి. కోస్తా నుంచి వచ్చి కొత్తగా దిద్దేవాళ్ళు వాటిని కూడలి, సందు, ఆసుపత్రి అని ‘శుభ్రం’ చేస్తుంటారు. ఇది తప్పు దిద్దడం కాదు, ఊరు మార్చడం. పైగా ‘బస్తీ దవాఖానా’ ప్రభుత్వ పథకం పేరు. దాన్ని ‘బస్తీ ఆసుపత్రి’ చేస్తే ఆ పేరుతో వెతికేవాళ్ళకి దొరకదు. ఇటు నుంచి అటు కూడా అంతే: గుంటూరు గురించిన వ్యాసంలో ‘సెంటరు’ ఉంటే చౌరస్తా చేయక్కర్లేదు.

5. వాక్యాలు: ఒక పేరాను దగ్గరగా చూద్దాం

దిద్దాల్సిన పేరా ఇలా ఉందనుకోండి:

“హుస్సేన్ సాగర్ హైదరాబాద్ లో ఉన్న ఒక అద్బుతమైన సరస్సు. ఇది 1562 లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా గారు తవ్వించబడింది. ఇది దాని మధ్యలో ఉన్న బుద్ద విగ్రహం కోసం ప్రసిద్ది చెందింది. ఇటీవలే ప్రతిష్టించిన ఈ విగ్రహాన్ని అందరూ తప్పక చూడాలి.”

మొదటి వాక్యంలో ‘ఒక’, ‘అద్బుతమైన’ రెండూ తీసేయండి. ‘ఒక’ ఇంగ్లీషు వాక్యం నుంచి జారిపడిన ముక్క. ‘ఆయన ఒక నటుడు’, ‘ఇది ఒక గ్రామం’ అనే వాక్యాలు యంత్రానువాదాల్లో కుప్పలుగా ఉంటాయి. అద్భుతం అనేది రాసినవారి అభిప్రాయం, విజ్ఞానసర్వస్వానికి దానితో పనిలేదు. ‘సరస్సు’ను ‘చెరువు’ చేయాలని చెయ్యి లాగుతుంది. వదిలేయండి, సరస్సన్నా తప్పు లేదు.

రెండో వాక్యం మధ్యలో విరిగింది. ‘షా గారు’ అని కర్తతో మొదలై ‘తవ్వించబడింది’ అని ముగిసింది. ‘తవ్వించాడు’ అంటే సరిపోతుంది. ‘బడు’ కనిపించిన ప్రతిచోటా, ఆ పని చేసినవారు ఎవరో వాక్యంలో ఉన్నారేమో చూడండి. ఉంటే ‘బడు’ను నిశ్చింతగా తీసేయవచ్చు. ‘గారు’ కూడా పోతుంది. తెలుగు వికీపీడియాలో రాజైనా కవైనా ఏకవచనమే ఆనవాయితీ. మనసు ఒప్పకపోవచ్చు గానీ, అభిమాన నటుడికి ‘గారు’ పెట్టి పాతకాలపు కవిని ‘రాశాడు’ అనే వివక్ష దీంతో తప్పుతుంది.

‘విగ్రహం కోసం ప్రసిద్ది చెందింది’ కూడా ఇంగ్లీషు నీడే. తెలుగులో దేనికోసమో ప్రసిద్ధి చెందరు. ఇక ‘ఇటీవలే’. ఇవాళ రాసిన ‘ఇటీవల’ పదేళ్ళ తరవాత కూడా అక్కడే ఉంటుంది, కాబట్టి సంవత్సరం వేయాలి. ఈ విగ్రహం విషయంలో 1990, 1992 రెండూ కనిపిస్తాయి. 1990లో బల్లకట్టు మీద తీసుకెళ్తుండగా విగ్రహం నీళ్ళలో మునిగిపోయింది, 1992లో పైకి తీసి నిలబెట్టారు. ప్రతిష్ఠ గురించి చెప్పే వాక్యంలో రావలసింది 1992. ‘అందరూ తప్పక చూడాలి’ పర్యాటక ప్రకటన భాష, అది ఉండనక్కర్లేదు. దిద్దాక:

“హుస్సేన్ సాగర్ హైదరాబాదులో ఉన్న సరస్సు. 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా దీన్ని తవ్వించాడు. సరస్సు మధ్యలో ఉన్న బుద్ధ విగ్రహం ప్రసిద్ధం. ఈ విగ్రహాన్ని 1992లో ప్రతిష్ఠించారు.”

కొత్త విషయం ఒకే ఒక్కటి చేరింది, ఆ సంవత్సరం. దానికి మూలం ఇవ్వాల్సిన బాధ్యత ఇప్పుడు మీదే, మొదట రాసినవారిది కాదు. పాత పత్రికలు, పుస్తకాలు కావాలంటే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1901లో మొదలై ఇప్పుడు సుల్తాన్‌బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞానకేంద్రం ఉన్నాయి. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, పేజీ నంబరు అక్కడికక్కడే రాసుకోండి. పేజీ నంబరు మరిచిపోతే మళ్ళీ బస్సెక్కాల్సిందే.

6. భాష బాగుండి, విషయం తప్పే చోట్లు

ఈ తప్పులు పట్టుకోవడం కష్టం, ఎందుకంటే వాక్యం ఎక్కడా నలగదు. యంత్రానువాదం నిజాం పాలన గురించి చెబుతూ ‘హైదరాబాద్ రాష్ట్రం’ అంటుంది. 1948 సెప్టెంబరు దాకా అది సంస్థానం. ఆ తరవాత 1956 నవంబరు 1 వరకు ఉన్నది హైదరాబాదు రాష్ట్రం. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట కాబట్టి యంత్రానికి తేడా తెలియదు, పక్కనున్న సంవత్సరం చూసి మీరు తేల్చాలి.

జిల్లాలదీ ఇలాంటి చిక్కే. 2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. కూకట్‌పల్లి, ఉప్పల్ ఇప్పుడు మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాలో ఉన్నాయి, అంతకుముందు రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. ‘కూకట్‌పల్లి రంగారెడ్డి జిల్లాలో ఉంది’ అనే వాక్యాన్ని దిద్దాలి. ‘2009లో రంగారెడ్డి జిల్లా కూకట్‌పల్లిలో ప్రారంభించారు’ అనే వాక్యాన్ని దిద్దకూడదు, అప్పటికి అదే నిజం.

7. చెయ్యి పెట్టకూడని చోట్లు

బొమ్మ ఫైలు పేరులో అక్షరదోషం ఉన్నా అలాగే ఉంచండి. దిద్దితే బొమ్మ మాయమై దాని చోట ఎర్ర లింకు మిగులుతుంది. ‘వర్గం:’ తరవాత ఉన్న పేరును దిద్దితే వ్యాసం ఉన్న వర్గం నుంచి జారి లేని వర్గంలో పడుతుంది. పుస్తకాల పేర్లు, వార్తల శీర్షికలు, కొటేషన్లలో ఉన్న మాటలు అచ్చులో ఎలా ఉంటే అలాగే ఉండాలి. 1930ల నాటి పుస్తకం పేరులో అరసున్న ఉంటే ఉండనివ్వండి.

అన్నిటికంటే ముఖ్యమైనది చర్చాపేజీ. వ్యాసం ఎవరిదీ కాదు గానీ, చర్చలో సంతకం చేసి రాసిన మాట ఆ మనిషిది. అక్కడ ఎంత తప్పుల తడక ఉన్నా ఒక్క ఒత్తు కూడా దిద్దకూడదు. ఎవరైనా పొరపాటున ఫోను నంబరు లాంటిది పెడితే దాన్ని తీయడం వరకే మినహాయింపు.

8. భద్రపరిచే ముందు

‘మునుజూపు’ నొక్కి పేజీ ఎలా వస్తుందో చూడండి. తరవాత పాతదీ కొత్తదీ పక్కపక్కన చూపే మార్పుల పట్టిక చూడండి. మీరు ముట్టుకోని వాక్యం అందులో రంగులో కనిపిస్తే ఎక్కడో వేలు తగిలిందన్నమాట. ‘అను’ లాంటి యూనికోడ్ కాని ఫాంట్లలో టైపు చేసినదాన్ని యూనికోడ్‌లోకి మార్చకుండా అతికించి ఉంటే, ఆ పిచ్చిగీతలు కూడా ఇక్కడే బయటపడతాయి.

అక్షరదోషాలు ఒకసారి, వాక్యాలు ఇంకోసారి, పేరాలు జరపడం మరోసారి — మూడూ విడివిడిగా భద్రపరచండి. అన్నీ కలిపి చేస్తే పట్టిక మొత్తం రంగులతో నిండిపోయి, ఏం మారిందో ఎవరికీ అర్థం కాదు. అర్థం కానిదాన్ని వెనక్కి తిప్పడమే సులువు, తిప్పేస్తారు. పెద్ద వ్యాసమైతే పేజీ మొత్తం కాకుండా ఒక్క విభాగాన్నే తెరవండి. అదే సమయంలో ఇంకొకరు వేరే విభాగంలో పనిచేస్తున్నా మీ ఇద్దరికీ తగువు రాదు.

దిద్దుబాటు సారాంశం ఖాళీగా వదలకండి. ‘మార్పులు చేశాను’ అని రాసినా ఖాళీ వదిలినట్టే. ‘ఒత్తులు సరిచేశాను, ఇటీవల అన్నచోట 1992 వేసి మూలం ఇచ్చాను’ — ఇలా ఉండాలి. ‘చిన్న మార్పు’ అనే గడిలో టిక్కు కేవలం అక్షరదోషాలకే. సంవత్సరం మార్చి టిక్కు పెడితే దాచిపెట్టి చేశారనుకుంటారు.

9. మీ మార్పును వెనక్కి తిప్పితే

వెంటనే మళ్ళీ పెట్టేయకండి. 24 గంటల్లో మూడుసార్లకు మించి ఒకే పేజీలో తిరగ్గొట్టకూడదని ఇంగ్లీషు వికీపీడియాలో నియమమే ఉంది. అంతదాకా పోకుండా మొదటిసారికే ఆగడం మేలు. చరిత్రలో వారు రాసిన కారణం చదివి, వ్యాసపు చర్చాపేజీలో రాయండి. ఇంత చాలు:

“నమస్కారం అండీ. విగ్రహం ప్రతిష్ఠించిన సంవత్సరం 1992 అని మూలంతో చేర్చాను, మీరు 1990కి మార్చారు. 1990 విగ్రహం మునిగిన సంవత్సరం కదా. మీ దగ్గర వేరే ఆధారం ఉంటే ఇక్కడ పెట్టగలరా?”

చివర నాలుగు టిల్డాలు (~~~~) పెడితే మీ పేరు, తేదీ వాటంతట అవే పడతాయి. రెండు మూడు రోజులు ఆగండి, అందరూ రోజూ రారు. అప్పటికీ జవాబు లేకపోతే, చర్చలో రాసిన సంగతి సారాంశంలో చెప్పి మార్పును మళ్ళీ పెట్టవచ్చు. కాదు, ఇద్దరూ పట్టు విడవట్లేదంటే అందరూ చర్చించుకునే ‘రచ్చబండ’ పేజీలో పెట్టి మిగతావాళ్ళను అడగండి. పేజీని వీక్షణ జాబితాలో చేర్చుకుంటే ఎవరు ఏం మార్చినా మీకు కనిపిస్తుంది. మీరు పెట్టిన 1992ను రేపు ఇంకెవరో 1993 చేసినప్పుడు ఆ జాబితాలోనే తెలుస్తుంది.