పాత శాసనసభ్యుడి జీవిత చరిత్ర రాయదలచినవారికి

మీ నియోజకవర్గానికి ఒకప్పుడు ప్రాతినిధ్యం వహించిన శాసనసభ్యుడి జీవితాన్ని గ్రంథస్థం చేయాలనుకుంటే, జ్ఞాపకాలు సేకరించడానికి ముందే ఆయన ఏ ఏడాది, ఏ సభకు, ఎక్కడినుంచి గెలిచారో ఎన్నికల సంఘం నివేదికల్లో సరిచూసుకోండి. మన రాష్ట్రాల విషయంలో ఇందులో చిక్కులున్నాయి. 1952లో ఎన్నికైన కోస్తా, రాయలసీమ సభ్యులు మద్రాసు శాసనసభలోనూ, తెలంగాణవారు హైదరాబాదు శాసనసభలోనూ కూర్చున్నారు. ఆంధ్ర రాష్ట్రంలో 1955లో ఎన్నికలు జరిగాయి కాబట్టి, 1957లో తెలంగాణ ప్రాంతానికి మాత్రమే జరిపి, ఆంధ్ర ప్రాంత సభ్యులను 1962 దాకా కొనసాగించారు. ఈ సంగతి తెలియక, ఒక కోస్తా నియోజకవర్గపు 1957 ఫలితం కోసం నేను రెండు రోజులు వెతికాను.

ఉదాహరణకు, కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యగారు 1952లో రాజ్యసభకు వెళ్లి, 1955లోనూ 1962లోనూ గన్నవరం నుంచి శాసనసభకు ఎన్నికై, మళ్లీ 1978లో అక్కడినుంచే గెలిచారు. నడుమ సభలో లేని కాలాన్ని ఖాళీగా వదిలేస్తే ఆయన జీవితంలో సగం జారిపోతుంది. 1964లో ఏర్పడిన సీపీఎంకు తొలి ప్రధాన కార్యదర్శి ఆయనే; సభలో లేని ఆ ఏళ్లలో ఎక్కువ కాలం ఆ బాధ్యతలోనే ఉన్నారు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం శాసనసభ చర్చల సంపుటాలకే కేటాయించండి. సభ్యుడు అడిగిన ప్రశ్నకు మంత్రి ఇచ్చే జవాబు తరచుగా ‘అవునండి’, ‘లేదండి’, ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అన్నంత పొడిగా ఉంటుంది. అక్కడితో పేజీ తిప్పేయకండి. ఆ వెంటనే వచ్చే అనుబంధ ప్రశ్నల్లోనే మనిషి కనిపిస్తాడు: ఏ చెరువు గండి గురించి పట్టుబట్టాడు, జవాబు దాటవేసినప్పుడు మళ్లీ లేచాడా, కూర్చుండిపోయాడా అన్నది అక్కడే తెలుస్తుంది. బడ్జెట్ సమావేశాల్లో పద్దులపై (శాఖలవారీ ఖర్చులపై) ఆయన మాట్లాడిన మాటలనూ, ఆ మొత్తాలను తగ్గించాలంటూ ప్రతిపాదించిన కోత తీర్మానాలనూ తేదీలతో సహా రాసుకోండి. ఎన్నిసార్లు గెలిచారన్న లెక్క కంటే ఇవే ఆ పదవికి నిజమైన కొలత అని నా నమ్మకం.

ఆస్తులు, కేసుల వివరాలకు నామినేషన్ అఫిడవిట్లు ఉపయోగపడతాయి గానీ, సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత 2003 నుంచే ఆ పద్ధతి స్థిరపడింది. అంతకు ముందు కాలానికి కుటుంబ సభ్యులతోపాటు ఆయనపై పోటీచేసి ఓడినవారి వైపు మనుషులనూ కలవాలి. ఒకే సంఘటనను ఇద్దరూ వేరుగా చెబితే రెండూ రాసి, ఎవరు చెప్పారో స్పష్టం చేయాలి.

చివరగా ఊళ్లు తిరగండి. బడి గోడలోనో వంతెన పక్కనో ఉన్న శిలాఫలకం మీద సున్నం పేరుకొని అక్షరాలు పూడిపోయి ఉంటే, గీకకుండా తడిగుడ్డతో తుడిచి, టార్చి వెలుతురును పక్కనుంచి ఏటవాలుగా వేయండి. చెక్కిన గీతలు నీడలుగా తేలి కనిపిస్తాయి. శంకుస్థాపన చేసినవారూ ప్రారంభించినవారూ వేరువేరైతే, ఇద్దరి పేర్లనూ తేదీలతో మీ పుస్తకంలోకి ఎక్కించండి.