సైన్స్ ఫిక్షన్ నవల రాద్దాం, 5వ భాగం: పడని కెప్టెన్లను కలపడం

పోయిన భాగంలో ఇద్దరు కెప్టెన్లకీ పడకుండా చేశాం కదా. శని వలయాల దగ్గర మంచు తవ్వి అమ్ముకునే రెండు నౌకలు, ఒకదానికి ఇందిర కెప్టెన్, ఇంకోదానికి తాషి, పదేళ్లుగా ఒకే కాంట్రాక్టు కోసం కొట్టుకుంటున్నారు. ఇప్పుడు వీళ్లని కలపాలి, కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే. ఎక్కడినుంచో గ్రహాంతరవాసుల దండు ఊడిపడుతుంది, "ఇక మనం మనం ఒకటి" అని ఇద్దరూ చేతులు కలిపేస్తారు. నాకిది మోసం అనిపిస్తుంది. దండు మీదికొస్తే ఎవరైనా కలుస్తారు, అందులో ఈ ఇద్దరి గొప్పేముంది?

అవసరాన్ని వాళ్ల నౌకల్లోనే పుట్టించండి. ఇందిర దగ్గర ఇంధనం ఉంది కానీ గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని తీసేసే డబ్బాలు 60 రోజులకి మించి రావు. తాషి దగ్గర డబ్బాలు బోలెడు, ట్యాంకు పగిలి ఇంధనం కారిపోయింది, నౌక దారి మార్చుకోలేదు. ఇద్దరి మధ్య దూరం 9 కోట్ల కిలోమీటర్లు. ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి, ఈ లెక్క మీరే చేయాలి. సెకనుకి 20 కిలోమీటర్ల చొప్పున ఇందిర దగ్గరవుతుంటే చేరడానికి దాదాపు 52 రోజులు పడుతుంది. సరిపోయింది అనుకుంటాం, కానీ చేరాక ఆగాలి కదా, అంతరిక్షంలో రోడ్డు రాపిడి ఉండదు, ఎంత వేగం తెచ్చుకుందో అంత వేగాన్నీ మళ్లీ ఇంధనం మండించే తగ్గించుకోవాలి. అంటే తొందరగా వస్తే తాషికి మిగిలే ఇంధనం తక్కువ, నింపాదిగా వస్తే ఇందిర మనుషులకి గాలి చాలదు. ఎంత వేగంతో రావాలన్నదే బేరం. ఇందులో విలన్ ఎవరూ లేరు, ఇద్దరూ తమ మనుషుల కోసమే మాట్లాడుతున్నారు, అయినా ప్రతి రోజూ ఒకరు అడిగేది ఇంకొకరి ప్రాణం మీదికి వస్తుంది. మీ నవలకి ఇంతకన్నా మంచి గొడవ దొరకదు.

ఈ బేరాన్ని మాత్రం ఫోన్లో మాట్లాడుకున్నట్టు రాయకండి. రేడియో కూడా కాంతి వేగంతోనే వెళ్తుంది, నిమిషానికి దాదాపు 1.8 కోట్ల కిలోమీటర్లు, కాబట్టి ఇందిర మాట తాషికి చేరడానికి 5 నిమిషాలు, జవాబు రావడానికి ఇంకో 5. ఆ పది నిమిషాల్లో మనిషి ఊరుకోడు, ఇంకో మెసేజ్ పంపుతాడు, దాంతో జవాబులన్నీ పాత ప్రశ్నలకి వస్తుంటాయి. కోపంలో ఒక మాట జారితే వెనకే క్షమాపణ పంపినా అది ముందు మాటని దాటలేదు. (పదేళ్ల పగ ఉన్నా రేడియోలో "మీరు" అనే అంటారు, అంతా రికార్డవుతుంది కదా!) దగ్గరయ్యేకొద్దీ ఈ ఆలస్యం రోజుకి ఆరు సెకన్ల దాకా తగ్గుతుంది. చివరి రోజుల్లో తప్ప వాళ్లకి మామూలు సంభాషణ ఇవ్వకండి.

ఇక కలిసే సీను. దీనికి 1975 జులై 17 గురించి చదవండి, అమెరికా అపోలో, సోవియట్ సోయజ్ కక్ష్యలో అతుక్కున్న రోజు అది. అంతకుముందు ఒక నౌకకి ముక్కులాంటిది, రెండోదానికి అది దూరే గుంట ఉండేవి. ఈ ప్రయోగానికి మాత్రం రెండు వైపులా ఒకే రకం అమరిక చేశారు, ఎవరు ముందుకొచ్చి పట్టుకున్నా పని జరుగుతుంది. గాలి కూడా వేరు, అపోలోలో తక్కువ పీడనంలో ఆక్సిజన్ ఒక్కటే, సోయజ్‌లో మనం పీల్చేలాంటి గాలి. అందుకని మధ్యలో చిన్న గది పెట్టారు, అందులో కూర్చుని పీడనం సర్దుకునేదాకా ఆగాలి. అపోలో కమాండర్ స్టాఫర్డ్ రష్యన్‌లో, సోయజ్ కమాండర్ లియొనోవ్ ఇంగ్లిష్‌లో మాట్లాడేవారు. నేనైతే ఆ గదిని వదలను. ఇందిరనీ తాషినీ అందులో కూర్చోబెట్టి తలుపులు మూసేయండి, పీడనం మారేదాకా ఇద్దరికీ వేరే పనేమీ లేదు.

లోపలికి వెళ్లాక డబ్బాలు సరిపడకూడదు. ఇది నా కల్పన కాదు, 1970లో చంద్రుడికి బయలుదేరి దారిలో దెబ్బతిన్న అపోలో 13లో ఒక భాగం డబ్బాలు చతురస్రం, ఇంకో భాగానివి గుండ్రం, ప్లాస్టిక్ సంచులు, అట్టలు, టేపుతో అతికించుకుని బతికారు. ఒకే సంస్థ నౌకలోనే అలా ఉంటే పోటీదారుల సంగతి చెప్పాలా? ఇక్కడ తాషి పదేళ్లుగా దాచుకున్న డబ్బాల డ్రాయింగులు బయట పెట్టాలి. అతనికి నొప్పెక్కడ ఉందో మీకు దొరికినట్టే.

పొత్తు కుదిరాక కూడా అనుమానం ఉంచండి. రాముడితో అగ్నిసాక్షిగా స్నేహం చేసినా సుగ్రీవుడు ఏడు మద్ది చెట్లతో అతని బలం పరీక్షించాడు, తీరా రాజ్యం వచ్చాక వానలు వెలిసినా కదల్లేదు, లక్ష్మణుడు కోపంతో వెళ్లాల్సి వచ్చింది. మాట తీసుకోవడం, పరీక్షించడం, ఆలస్యం చేయడం, మూడింటికీ మీ నవలలో చోటు చూసుకోండి.

ఈ వారం పని: ఇద్దరి మధ్య ఆరు మెసేజ్‌లు రాయండి, పక్కన పంపిన టైమ్, అందిన టైమ్ వేయండి. కనీసం రెండు ఒకదానికొకటి దారిలో ఎదురుపడాలి. వచ్చే భాగంలో ఈ పొత్తు నచ్చని సిబ్బంది సంగతి చూద్దాం, ముఖ్యంగా తాషి ఇంజనీరు.