ఎండలు ముదరకముందే అన్నం బంద్ పెడదామనుకునేటోళ్లు ముందు ఇది చదవండ్రి

శివరాత్రి దాటింది, చలి శివశివ అనుకుంట పోయింది, ఇగ పెళ్లిళ్ల సీజన్ వస్తుందనంగనే మా నల్గొండల ఇంటికొకరు "రేపట్నుంచి అన్నం బంద్" అంటున్నరు. బరువు తగ్గాలనుకునుడు మంచిదే, నేను కూడ అన్నం సగానికి తెచ్చి ఏడాదిల తొమ్మిది కిలోలు తగ్గిన. కానీ ఒక్కసారే ఆపేసుడు వేరు, మెల్లగ తగ్గించుడు వేరు, అందుల షుగర్ గోలీలో బీపీ గోలీలో వేసుకునేటోళ్లకైతే ఇది మామూలు విషయం కాదు. ఇంట్ల ఎవరన్నా మొదలుపెడుతుంటే వాళ్లకు చెప్పండ్రి.

మా పెద్దమ్మ సంగతి చెప్త. దేవరకొండ దిక్కు ఉంటది, పదేండ్ల నుంచి షుగర్. పోయిన మార్చిల ఎవరో చెప్పిన్రని రాత్రి అన్నం మానేసి ఇంత దోసకాయ ముక్కలు, ఇంత చల్ల తాగి పడుకునుడు మొదలుపెట్టింది, గోలి మాత్రం ఎప్పటిలెక్కనే వేసుకుంటుంది, అది మానొద్దు అని డాక్టర్ గట్టిగ చెప్పిండు కాబట్టి. అయిదో రోజు తెల్లారగట్ల నాలుగింటికి చూస్తే చీరంత చెమటతోని తడిసిపోయింది, పిలిస్తే పలుకుతలేదు, మాట ముద్దముద్దగ వస్తుంది. ఇంట్లోళ్లు పక్షవాతం అనుకున్నరు. మా అన్న మిషన్ తెచ్చి చూస్తే షుగర్ 48. డెబ్భై కన్న కిందికి పోతేనే తక్కువ కింద లెక్క. దవాఖానకు తీస్కపోయి గ్లూకోజ్ ఎక్కించినంక మనిషి అయింది గానీ ఆ రోజంత డాక్టర్లు ఇంటికి పంపలే, ఎందుకంటే ఆమె వేసుకునే రకం గోలి ఒంట్ల ఉన్నంతసేపు షుగర్ మళ్లీ పడిపోవచ్చు.

ఎందుకట్ల అయిందో అర్థం చేసుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ అవే అర్థమైతయి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లైబెన్‌క్లమైడ్ అనే గోలీలు క్లోమం, అంటే పాంక్రియాస్‌ని తొందరపెట్టి షుగర్ తగ్గించే ఇన్సులిన్ ఎక్కువ వదిలేటట్టు చేస్తయి. మనం రోజు ఎంత తింటున్నమో దానికి లెక్కగట్టి డాక్టర్ ఆ డోస్ రాస్తడు. మీరు కంచంలకెళ్లి అన్నం తీసేసిన సంగతి గోలికి తెల్వది గదా, అది దాని పని అది చేస్తనే ఉంటది. ఇన్సులిన్ సూది వేసుకునేటోళ్లకు కూడ ఇదే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేటోళ్లకు ఇట్ల పడిపోయే భయం తక్కువ, కానీ చానా గోలీల షీట్లల్ల మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ రెండు కలిపే ఉంటయి, కాబట్టి పేరు చూసి కాదు, షీట్ ఎనకాల చిన్న అక్షరాలల్ల ఏం మందులున్నయో చదివించుకోండ్రి. మీ అంతట మీరు గోలి ఆపొద్దు, సగం చేయొద్దు. ముందు డాక్టర్ దగ్గరికి పోయి "సార్ నేను అన్నం ఇంత తగ్గిస్తున్న, డోస్ మార్చాల్నా" అని అడగండ్రి, మొదటి రెండు వారాలు పొద్దుగాల పరిగడుపున ఒకసారి, రాత్రి పడుకునేముందు ఒకసారి మిషన్‌ల చూస్కొని ఒక నోట్‌బుక్‌ల రాసి పెట్టుకుంటే డాక్టర్‌కు చూపెట్టనీకి పనికొస్తది.

చేతులు వణుకుడు, చెమటలు, గుండె దడ, ఒక్కసారే ఆకలి, కండ్లు మసకలు, చిరాకు, ఇవన్నీ షుగర్ పడిపోతుందని గుర్తు. అప్పుడు డైట్ చెడిపోతది అని ఆలోచించొద్దు, మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాగాలె, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూస్కోవాలె, ఇంకా తక్కువుంటే మళ్లీ తాగాలె, షుగర్ పెరిగినంక ఏదన్నా తినాలె. మనిషి తెలివిల లేకపోతే మాత్రం నోట్ల ఏం పోయొద్దు, ఊపిరితిత్తులకు పోతది, పక్కకు పండబెట్టి 108కి ఫోన్ చేయాలె.

ఇంకో రకం షుగర్ గోలీలు ఈ మధ్య మస్తు రాస్తున్నరు, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని, షుగర్‌ని మూత్రంల పంపిస్తయి. ఇవి వేసుకుంట అన్నం, రొట్టె అన్ని బంద్ పెడితే రక్తంల కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు వచ్చే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి రావచ్చు, దీంట్ల మోసం ఏందంటే మిషన్‌ల షుగర్ మంచిగనే కనిపిస్తది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసపడుకుంట ఊపిరి తీసుకునుడు ఉంటే "షుగర్ నార్మలే ఉంది గదా" అని ఇంట్ల కూసోవద్దు, దవాఖానకు పోయి ఏ గోలీలు వేసుకుంటున్నరో, ఏం తినుడు ఆపిన్రో రెండు చెప్పాలె.

ఎండాకాలం సంగతి ఎందుకు తీసిన అంటే, అన్నం తగ్గంగనే ఒంట్ల ఇన్సులిన్ తగ్గుతది, అది తగ్గితే కిడ్నీలు ఉప్పును పట్టి ఉంచవు, ఉప్పుతోపాటు నీళ్లు కూడ మూత్రంల పోతయి. దీనికి తోడు లివర్ల, కండరాలల్ల దాచుకున్న షుగర్, అంటే గ్లైకోజెన్, ఖర్చయితది, ఒక్కో గ్రాముకు దగ్గర దగ్గర మూడు గ్రాముల నీళ్లు పట్టుకొని ఉంటది అది. మొదటి వారంల రెండు కిలోలు తగ్గిన అని సంబురపడుతరు గదా, అందుల చానావరకు నీళ్లే. మాఘంల అయితే తట్టుకుంటం గానీ మే నెలల మిర్యాలగూడల, నల్గొండల 44, 45 డిగ్రీలు కొడుతుంటే ఇటు చెమటల ఉప్పు పోవుడు, అటు మూత్రంల ఉప్పు పోవుడు. తలనొప్పి, పిక్కలు పట్టేసుడు, లేచి నిలబడంగనే కండ్లు తిరుగుడు అందుకే. బీపీ గోలీలు, ముఖ్యంగ మూత్రం ఎక్కువ పోయేటట్టు చేసే గోలీలు వేసుకునేటోళ్లు అయితే బాత్రూంల పడి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది, బీపీ వారానికి రెండుసార్లన్నా చూపించుకోండ్రి, తక్కువొస్తే డాక్టర్‌కు చెప్పండ్రి. బీపీ, కిడ్నీ, గుండె జబ్బు లేనోళ్లు చల్లల ఇంత ఉప్పేసుకొని, చారు పలుచగ చేసుకొని రోజుకు రెండు మూడు గ్లాసులు తాగొచ్చు. వడదెబ్బ తగిలినా, విరేచనాలైనా ఓఆర్ఎస్ తాగుడే, అందుల చక్కెర ఉందని భయపడి ఆపొద్దు, ఉప్పు లోపలికి పోవాలంటే ఆ గ్లూకోజ్ కావాలె. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేది మాత్రం కిడ్నీ జబ్బోళ్లు, టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ గోలీలు వేసుకునేటోళ్లు డాక్టర్ని అడగకుండ వాడొద్దు, అందుల పొటాషియం ఉంటది, అది వీళ్ల ఒంట్ల పేరుకుపోవచ్చు.

ఉపాధి పనికి పోయేటోళ్లు, నాట్లకు, కోతలకు పోయేటోళ్లు, లారీ తోలేటోళ్లు, వీళ్లు ఎండాకాలంల ఈ ప్రయోగం పెట్టుకోకుండ్రి. కడుపుతోని ఉన్నోళ్లు, పాలిచ్చే తల్లులు, పిల్లలు కూడ వద్దు. కిడ్నీల రక్తపరీక్షల క్రియాటినిన్ ఎక్కువున్నోళ్లు అన్నం బదులు గుడ్లు, ప్రొటీన్ పౌడర్లు అని పోతే కిడ్నీల మీద భారం పడుతది, డాక్టర్ చెప్పినంతే తినాలె. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మా పెద్దోళ్లకైతే పాలు, పెరుగు, తైదంబలి అసలు మాన్పించొద్దు, కాల్షియం పోతే ఎముకలు ఇంకా బలహీనమైతయి.

ఇగ జొన్న రొట్టె గురించి. మా పాలమూరు చుట్టాలు అన్నం మానేసి రొట్టెలు తింటున్నం, ఎంతైనా తినొచ్చు అంటరు. అది తప్పు. నూరు గ్రాముల జొన్నపిండిల 70 గ్రాముల దాకా పిండి పదార్థమే, ఒక్కోటి 60 గ్రాముల పిండితోని చేసిన పెద్ద రొట్టెలు రెండు తింటే, వండిన అన్నం 300 గ్రాములు తిన్నదానికి దాదాపు సమానం. రొట్టెల పీచు, ప్రొటీన్ ఎక్కువ, కడుపు తొందరగ నిండుతది, నమలనీకి టైం పడుతది, అందుకు మంచిది, కానీ లెక్క లెక్కనే. కొర్రలు, మక్క గట్క, అటుకులు కూడ ఇంతే. తెలంగాణ సోనా (ఆర్ఎన్ఆర్ 15048) బియ్యం గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువ అంటే మెల్లగ షుగర్ పెరుగుతది అని, రెండు కంచాలు తినమని కాదు. బత్తాయి రసంల కూడ చక్కెర ఉంటది, పండు తింటే పీచన్నా దొరుకుతది.

కల్లు గురించి చెప్పకపోతే మా దగ్గర చెప్పినట్టు కాదు. పరిగడుపున, అన్నం తినకుండ, షుగర్ గోలి వేసుకొని తాటి వనానికి పోవుడు మానుకోండ్రి. ఒంట్ల సారా రకం ఏది పడ్డా లివర్ కొత్తగ షుగర్ తయారుచేసుడు ఆగుతది, అప్పుడు పడిపోతే పక్కనోళ్లు నిషా అనుకొని వదిలేస్తరు.

సరే మరి ఎట్ల తగ్గించాలె అంటే, నేను చేసింది చెప్త. మొదటి రెండు వారాలు రెండు పూటల అన్నంల ఒక్క పిడికెడు తీసేసిన, అంతే. ఆ జాగల కందిపప్పు గట్టిగ, లేకపోతే ఉడకబెట్టిన బొబ్బర్లు, గుడ్లు, బీరకాయ, సొరకాయ, పుంటికూర. తర్వాత ఇంకో పిడికెడు. పల్లీలు మాత్రం చూస్కోండ్రి, వనపర్తి, గద్వాల పల్లీలు నోట్లేస్తే ఆగబుద్ధి కాదు, ముప్పై గ్రాములు తింటే 170 కేలరీలు. తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల చెప్పింది కూడ ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటొద్దనే, సున్నా చేయమని కాదు. మలబద్ధకం వస్తే కూరగాయలు, నీళ్లు పెంచాలె. వారానికి అర కిలో తగ్గితే చాలు, నెలకు ఆరేడు కిలోల లెక్కన తగ్గితే పిత్తాశయంల రాళ్లు పడే ప్రమాదముంది, కుడిపక్క పక్కటెముకల కింద నొప్పి తిన్నంక వస్తుంటే స్కాన్ తీయించుకోండ్రి.

పెళ్లిల రెండు పూటల పప్పన్నం, బగారా తిన్నంక మరునాడు కాంటా మీద కిలోన్నర పెరిగితే బెంగపడి మళ్లీ మొత్తం అన్నం ఆపకుండ్రి. అందుల చానావరకు పోయిన నీళ్లే తిరిగొచ్చినయి. మూడు నాలుగు రోజులు పెళ్లికి ముందు తిన్న తగ్గించిన లెక్కనే తినండ్రి, గోలీల డోస్ ముట్టుకోకుండ్రి, అయిదో రోజు పొద్దుగాల మళ్లీ కాంటా ఎక్కండ్రి.