చిన్న కారుకు సూపర్‌ఛార్జర్: బోల్టు విప్పేముందు చూసుకోవలసినవి

సూపర్‌ఛార్జర్ అంటే ఇంజన్ బెల్టుతో తిరుగుతూ సిలిండర్లలోకి అదనంగా గాలి నెట్టే పంపు. దాన్ని బిగించాలంటే మొట్టమొదట చూడాల్సింది ఇంజన్ ఆరోగ్యం. వేడెక్కిన ఇంజన్‌లో ఇంధనం, స్పార్క్ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ పరీక్ష (ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి పుట్టిస్తుందో కొలవడం) చేయండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే సూపర్‌ఛార్జర్ కిట్ మాట అక్కడితో ఆపేయండి. అరిగిన ఇంజన్ అదనపు ఒత్తిడిని మోయలేదు.

బూస్ట్, అంటే సూపర్‌ఛార్జర్ అదనంగా ఇచ్చే గాలి పీడనం, 5, 6 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటనివ్వకండి. తక్కువే అనిపిస్తుంది గానీ, వాతావరణ పీడనం 14.7 పీఎస్‌ఐ కదా. 6 కలిపితే లెక్కప్రకారం గాలి 40 శాతం పెరుగుతుంది. అసలే కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో గాలి ఎన్ని రెట్లు కుదించబడుతుందో చెప్పే అంకె) 10కి మించిన ఇంజన్లకు అది చాలా ఎక్కువ.

ఇంధనం దగ్గర మాత్రం పొదుపు వద్దు, దయచేసి. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే నాకింగ్ (మిశ్రమం దానంతటదే అదుపు తప్పి పేలడం) మొదలై పిస్టన్ కరిగిపోతుంది. పంపు, ఇంజెక్టర్ల సామర్థ్యం ముందే లెక్కవేయండి. ఇంజన్‌లోకి వెళ్లే గాలి పీడనాన్ని కొలిచే పాత మ్యాప్ సెన్సర్ 1 బార్‌దైతే, అంటే సుమారు వాతావరణ పీడనం వరకే కొలిచేదైతే, బూస్ట్‌ను చదవలేదు, మార్చాలి. పొగగొట్టంలో ఉండి గాలి–పెట్రోలు నిష్పత్తిని కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ లేకుండా ట్యూనింగ్‌కు దిగవద్దు. పూర్తి లోడులో గాలి–పెట్రోలు నిష్పత్తి బరువులో 12:1 దగ్గరుండాలి. ఇగ్నిషన్ టైమింగ్ కొంత తగ్గించాలి, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా పడేలా చేయాలి.

బ్రాకెట్ గట్టిగా ఉండాలి, పుల్లీలు ఒకే వరుసలో తిరగాలి, లేకపోతే బెల్టు జారుతుంది. థ్రాటిల్ మూసినప్పుడు మిగిలిన గాలిని పక్కకు మళ్లించే బైపాస్ వాల్వ్ తప్పనిసరి.

బ్రేకులు, క్లచ్ కూడా చూడండి. రవాణా నిబంధనలు, బీమా షరతులు ఈ మార్పుకు ఒప్పుకుంటాయో లేదో డబ్బు పెట్టకముందే కనుక్కోండి.