మోటర్‌హోమ్‌లో గ్యాస్ బండతో ఎలా వేగాలి

రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో, వంటగది, పడకలు ఉండే మా మోటర్‌హోమ్‌లో స్కాట్లండ్‌లో ఏవీమోర్ దగ్గర ఆగినప్పుడు, పొద్దున్నే పాలు పెడదామని స్టవ్ వెలిగిస్తే మంట గోరంత వచ్చి ఆరిపోయింది. మళ్లీ వెలిగించా, మళ్లీ ఆరింది. బండ అయిపోయిందనుకుని చెప్పులతోనే మంచులోకి దిగి, బండ పెట్టే బయటి అర, లాకర్ అంటారు, అది తెరిచి ఊపి చూస్తే లోపల గలగలమంటోంది, సగానికి పైనే ఉంది. బయట మైనస్ 4. పాలు లేవు, హీటర్ లేదు, పిల్లలు దుప్పట్లోంచి రామంటున్నారు. ఆ రోజు దాకా నాకు గ్యాసంటే ఒకటే గ్యాసు. గుంటూరులో మా ఇంట్లో 14.2 కిలోల ఎర్ర బండ, అది అయిపోతే ఇంకో ఎర్ర బండ, అంతకు మించి ఆలోచించాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

బ్రిటన్‌లో సెకండ్ హ్యాండ్ మోటర్‌హోమ్ కొనే మన వాళ్లు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు, అద్దెకు తీసుకునేవాళ్లు ఇంకా ఎక్కువ. వాళ్ల కోసమే ఇది. ఇంటి వంటగదిలో నేర్చుకున్న జాగ్రత్తలు చాలావరకు ఇక్కడా పనికొస్తాయి, కాకపోతే చలి దగ్గర, గాలి దగ్గర మాత్రం మన అలవాట్లు మనల్నే మోసం చేస్తాయి.

ముందు చలి సంగతి. బండలో ఉండేది ద్రవం, అది మరిగి ఆవిరైతేనే మనకు గ్యాస్. బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే మరగడం ఆపేస్తుంది, సరిగ్గా చెప్పాలంటే మైనస్ 0.5. ప్రొపేన్ అయితే మైనస్ 42 దాకా మరుగుతూనే ఉంటుంది. మన ఇండియా వంటగ్యాస్ ఈ రెండింటి మిశ్రమం, మన ఎండలకి ఏది ఎంతున్నా తేడా తెలియదు. ఇక్కడ రెండూ విడివిడిగా అమ్ముతారు. కాలర్ అనే ఇక్కడి గ్యాస్ కంపెనీ బండల్లో ఎరుపు ప్రొపేన్, నీలం బ్యూటేన్. నా దగ్గర ఆ రోజు ఉన్నది నీలం. ఎండాకాలం కొన్నాను, అప్పుడు బ్రహ్మాండంగా పనిచేసింది. పైగా గ్యాస్ వాడుతున్నకొద్దీ ఆవిరి కావడానికి కావలసిన వేడిని బండ తనలోంచే లాక్కుంటుంది కాబట్టి బయట 4, 5 డిగ్రీలున్నా హీటర్ గట్టిగా నడుస్తుంటే నీలం బండ నీరసపడుతుంది. ఏడాది పొడవునా తిరిగేవాళ్లయితే ఎరుపే కొనండి, ఎండాకాలంలోనూ దానికేం ఇబ్బంది లేదు. ఒక్క మాట, ఈ రంగుల లెక్క అన్ని కంపెనీలకీ అన్ని దేశాలకీ ఒకటి కాదు, రంగు చూసి కాదు, మీద రాసింది చదివి కొనండి. చల్లబడిన బండని వేడి చేద్దామని హెయిర్ డ్రయ్యరో మంటో పెట్టడం మాత్రం అస్సలు వద్దు.

నీలం తీసేసి ఎరుపు పెడితే రెగ్యులేటర్ కూడా మార్చాలా అంటే, అది బండిని బట్టి. సుమారు 2003 తర్వాత తయారైన బండ్లలో చాలావరకు రెగ్యులేటర్ లాకర్ గోడకే బిగించి ఉంటుంది, 30 మిల్లీబార్ ఒత్తిడి, రెండు గ్యాసులకీ పనిచేస్తుంది, బండకీ దానికీ మధ్య ఉండే చిన్న పైపు, పిగ్‌టెయిల్ అంటారు, అది మారిస్తే చాలు. అంతకంటే పాతవాటిలో రెగ్యులేటర్ బండ మీదే కూర్చుంటుంది, బ్యూటేన్‌కి 28, ప్రొపేన్‌కి 37, ఒకదాని బదులు ఇంకోటి పెట్టకూడదు. ఇండియా నుంచి సూట్‌కేసులో రెగ్యులేటరో, రెండు బర్నర్ల స్టవ్వో తెచ్చి బిగిద్దామనే ఆలోచన ఉంటే ఇక్కడితో మానేయండి. మోటర్‌హోమ్ స్టవ్‌లో మంట ఆరిపోతే గ్యాస్ తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, అందుకే వెలిగించాక నాబ్‌ని కాసేపు నొక్కి పట్టుకోవాలి, లోపలి చిన్న కడ్డీ వేడెక్కేదాకా. మన ఇళ్లలో వాడే స్టవ్‌లలో చాలావాటికి అది ఉండదు.

బండ మార్చడం చెప్తాను, మొదటిసారి అందరూ తడబడేది ఇక్కడే. లోపల స్టవ్, గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్, హీటర్ అన్నీ కట్టేయండి. బండ వాల్వ్ మామూలు పంపు లాగానే, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే మూసుకుంటుంది. కానీ పైపుని బండకి పట్టి ఉంచే నట్టు ఉందే, అది ఉల్టా. ఎడమ మర. విప్పాలంటే కుడివైపుకి తిప్పాలి, బిగించాలంటే ఎడమవైపుకి. నేను మొదటిసారి విప్పుతున్నాననుకుని పావుగంట సేపు చెమటలు పట్టేలా బిగించాను, పక్క బండిలోని పెద్దాయన టీ కప్పు పట్టుకుని చూస్తూ నిలబడి, చివర్లో జాలిపడి చెప్పాడు. కొత్త బండ మూతి దగ్గర మట్టీ మంచూ లేకుండా తుడవండి. 4.5 కిలోల నీలం బండకైతే నల్ల వాషర్ ఉంటుంది, మార్చిన ప్రతిసారీ కొత్తది వేయండి. ఎరుపు బండకి వాషర్ ఉండదు, ఇత్తడి ఇత్తడికి ఆని కూర్చుంటుంది, లేదని కంగారుపడి మీరొకటి దూర్చకండి. బిగించాక వాల్వ్ మెల్లగా తిప్పండి, గబుక్కున తిప్పితే పైపు తెగిందనుకుని భద్రత వాల్వ్ మూసుకుపోయే రకాలున్నాయి. కొన్ని పైపుల మొదట్లో పచ్చ బటన్ ఉంటుంది, అది నొక్కితేనే గ్యాస్ వదులుతుంది. బండ నిండుగా ఉండి కూడా స్టవ్ వెలగకపోతే ముందు ఆ బటన్ చూడండి.

లీకు చూడటానికి సబ్బు నురుగు, మన అమ్మలు చేసేదే. అయితే గిన్నెల సబ్బులో ఉప్పు ఉంటుంది, ఇత్తడిని తినేస్తుంది, కాబట్టి వాడితే తర్వాత శుభ్రంగా కడిగి తుడవాలి. ఇదంతా ఎందుకనుకుంటే లీకు చూసే స్ప్రే డబ్బా దొరుకుతుంది, ఖరీదేం ఎక్కువ కాదు. అగ్గిపుల్ల గీసి చూసే మహానుభావులు ఇంకా ఉన్నారు, వాళ్లకి నేను చెప్పేదేమీ లేదు. పైపు మీద తయారీ తేదీ అచ్చేసి ఉంటుంది, బ్రిటన్‌లో మామూలుగా ఐదేళ్లకి మార్చమంటారు, పగుళ్లు కనిపిస్తే అంతదాకా కూడా ఆగొద్దు. బండ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, బెల్టుతో కట్టి ఉండాలి. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటర్‌లోకి వచ్చేస్తుంది, అప్పుడు స్టవ్ దగ్గర వచ్చేది మంట కాదు, జ్వాల.

ఇక గాలి సంగతి. మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు వేల్స్ తీసుకెళ్లాం. రెండో రోజు రాత్రి స్టవ్ కింది అర తెరిస్తే పాత తువ్వాలు మడతపెట్టి కుక్కి ఉంది. ఏంటమ్మా ఇది అంటే, "కాళ్ల కింద నుంచి చలిగాలి కొడుతోంది రా, ఎవడో బొక్క పెట్టి వదిలేశాడు, నేనే మూశాను" అంది. ఆవిడ తప్పు లేదు, నేనే చెప్పలేదు. ఆ బొక్క కావాలని పెట్టిందే. ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, బ్యూటేన్ దాదాపు రెండింతలు. లీకైతే పైకి పోదు, నీళ్లలా కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. ఇంట్లో అయితే గుమ్మం తెరుస్తాం, చీపురుతో ఊడ్చినట్టు విసురుతాం. మోటర్‌హోమ్ అంటే చక్రాల మీద ఉన్న పెట్టె, ఆ గ్యాస్ బయటికి పోవాలంటే నేలలోని ఆ రంధ్రాలే దారి. గాలిలో గ్యాస్ రెండు శాతం చేరితే చాలు, అంటుకోవడానికి. లాకర్ అడుగున కూడా ఇలాంటివే ఉంటాయి, వాటికి అడ్డంగా బూట్లూ తాళ్లూ కూరకండి.

అయినా లీకు సంగతి కొంత నయం, వాసన వస్తుంది. వాసన లేని గ్యాస్‌కి కావాలనే ఆ కుళ్లు కంపు కలుపుతారు. వాసనొస్తే స్విచ్‌లు వేయకుండా, తీయకుండా, తలుపులు తెరుచుకుంటూ అందరూ బయటికి, వీలైతే బండ వాల్వ్ మూసి, దూరంగా వెళ్లి 999. నాకు అసలు భయం వాసన రానిదాంతో. స్టవ్‌కో హీటర్‌కో గాలి చాలకపోతే గ్యాస్ సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, ప్రయాణం అలసటలాగానో ఫ్లూలాగానో ఉంటుంది, జ్వరం మాత్రం ఉండదు. బండిలో అందరికీ ఒకేసారి తల పట్టేసి, బయటికి రాగానే తేలికపడితే ఇక అనుమానమే వద్దు, లోపలికి వెళ్లకండి.

చలికాలంలో మనం చేసే పనులన్నీ దీనికి అనుకూలంగానే ఉంటాయి. రంధ్రాలు మూస్తాం, పైకప్పు కిటికీ బిగిస్తాం, హీటర్ పనిచేయకపోతే స్టవ్ వెలిగించి వెచ్చగా కూర్చుంటాం. ఆ చివరిది అస్సలు చేయకూడదు, స్టవ్ వంటకే. వంట చేస్తున్నంతసేపు పైకప్పు కిటికీ కాస్త తెరిచి ఉంచండి, పోపు పెట్టి ఎండుమిర్చి వేసిన రోజు మీకెవరూ చెప్పక్కర్లేదనుకోండి. పెద్ద దోసె పెనం తీసుకెళ్తారు మన వాళ్లు, అది రెండు బర్నర్లనీ కప్పేసి మంటకి గాలి అందనివ్వదు, వేడి వెనక్కి కొట్టి నాబ్‌లు కరిగిన బండి ఒకటి చూశాను. బర్నర్ దాటి మరీ బయటికి రాని చిన్న పెనమే నయం, దోసెలు చిన్నవి అవుతాయి, అంతే. మంట నీలంగా ఉండాలి, పసుపు నాలుకలు కనిపిస్తే, గిన్నె అడుగున మసి పడుతుంటే, వాడటం ఆపి చూపించండి. బొగ్గుల బార్బెక్యూ చల్లారిందనుకుని లోపలికో, బండికి కట్టిన టెంటులోకో తేవడం చాలా ప్రమాదం, ఆరిపోయినట్టున్న బొగ్గు కూడా కార్బన్ మోనాక్సైడ్‌ని వదులుతూనే ఉంటుంది.

కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు. కొనేటప్పుడు పెట్టె మీద ఈఎన్ 50291-2 అని ఉందో లేదో చూడండి, చివర్లో ఆ 2 ఉన్నదే ఇలాంటి బండ్లకీ పడవలకీ. లీకైన గ్యాస్‌ని పసిగట్టే అలారం వేరు, అది నేలకి దగ్గరగా బిగించాలి. రెండూ ఒకటే అనుకుని ఒకటి కొని ఊరుకునేవాళ్లు చాలామంది.

ఎంత మిగిలిందో తెలుసుకోవడం ఎలా అంటారా. తడిగుడ్డతో బండ తుడిస్తే ద్రవం ఉన్నంత మేర తడి ఆలస్యంగా ఆరుతుంది, మన పాత చిట్కా, ఇనుప బండకి ఇక్కడా పనిచేస్తుంది, కాకపోతే ఈ వానల దేశంలో బండ ఎప్పుడూ తడిగానే ఉంటుంది. నేను వాడేది 23 కిలోల కోసం ప్రతి ఇంట్లో ఉండే సూట్‌కేస్ తూకం. బండని దానికి తగిలించి ఎత్తి, ఖాళీ బండ బరువు తీసేయడమే. ఆ ఖాళీ బరువు వాల్వ్ దగ్గర రేకు మీద ఉంటుంది, పౌండ్లు ఔన్సుల్లో ఉంటే విసుక్కోకుండా పౌండుకి 0.45 కిలోలు చొప్పున లెక్కేసుకోండి. కిలో గ్యాస్ దాదాపు 13.7 యూనిట్ల శక్తి. 4 కిలోవాట్ల హీటర్ పూర్తిగా మండితే గంటకి 300 గ్రాముల దాకా తాగుతుంది, అంటే 6 కిలోల బండ ఇరవై గంటలు. వంటకి మాత్రమే అయితే అదే బండ వారాలు వస్తుంది. కాబట్టి చలికాలం క్యాంప్‌సైట్‌లో కరెంటు తీసుకుంటే హీటర్‌ని, ఫ్రిజ్‌ని వీలైనంత దాని మీదే నడపండి.

బండి నడిపేటప్పుడు వాల్వ్ మూసేయడమే నా పద్ధతి. ఢీకొంటే గ్యాస్ ఆపేసే సెన్సర్ ఉన్న రెగ్యులేటర్లు ఉన్నాయి, అవి ఉంటే నడుస్తూ హీటర్ వాడొచ్చు, మీదానికి ఉందో లేదో తెలియకపోతే లేదనే అనుకోండి. పెట్రోల్ బంకులోకి వెళ్లే ముందు ఫ్రిజ్ గ్యాస్ మీద లేదని చూసుకోండి, దాని వెనక మండేది నిజమైన మంట. ఫెర్రీ ఎక్కేముందు, ఛానల్ టన్నెల్ రైలు ఎక్కేముందు కూడా బండ మూసే ఉండాలి. యూరప్ వెళ్తే బ్రిటన్ బండని అక్కడ మార్చరు, హెచ్‌పీ బండ తీసుకెళ్లి ఇండేన్ డీలర్‌ని అడిగినట్టే. ఎక్కువ తిరిగేవాళ్లు బంకుల్లో నింపుకునే రకం బండలు పెట్టించుకుంటారు, అవి 80 శాతం నిండగానే ఆగిపోతాయి, మిగతా ఇరవై ద్రవం వ్యాకోచించడానికి. మార్చుకునే మామూలు బండని బంకులో నింపే ప్రయత్నం చేయకండి, దానికి ఆ ఆపే ఏర్పాటు లేదు.

బండ మార్చడం వరకే మన పని. లోపలి రాగి పైపులు, హీటర్, ఫ్రిజ్ వెనక బర్నర్ ఏడాదికోసారి తెలిసినవాళ్లకి చూపించాలి. బ్రిటన్‌లో గ్యాస్ పని చేసే అర్హత ఉన్నవాళ్ల దగ్గర గ్యాస్ సేఫ్ కార్డు ఉంటుంది, దాని వెనక వైపు వాళ్లు ఏయే పనులు చేయవచ్చో రాసి ఉంటుంది. ఇళ్లలో బాయిలర్ చూసే అందరికీ ఈ బండ్ల ఎల్‌పీజీ పని చేసే అర్హత ఉండదు, కార్డు తిప్పి చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

ఇంటికొచ్చాక స్టవ్ వెలుగుతుండగానే బయట వాల్వ్ మూసి, పైపులో మిగిలింది కాలిపోయి మంట దానంతట అదే ఆరేదాకా ఆగి, అప్పుడు నాబ్ కట్టేయండి. అదనపు బండ ఉంటే ఇంట్లో మెట్ల కిందో, సెల్లార్‌లోనో పెట్టకండి. లీకైతే అక్కడ నేలలో రంధ్రం ఉండదు.