ఇల్లుంది కదా, ఐటమైజ్ చేయాలా?

అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొన్న కొత్తలో, లోన్ మీద కట్టే వడ్డీ అంతా ట్యాక్స్‌లో కలిసొస్తుందని మురిసిపోయాను. అంత ఉండదు. భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 2025కి స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను వేసే ముందు ఆదాయంలోంచి తీసేసే స్థిరమైన మొత్తం) 31,500 డాలర్లు. ఏ కాగితమూ చూపకుండానే అది వస్తుంది. ఐటమైజ్ అంటే దాని బదులు వడ్డీ, ట్యాక్సులు, విరాళాల్లాంటి ఖర్చులు విడివిడిగా చూపడం. అవి దాన్ని దాటి ఎంత పైకి పోతే అంతే ఐటమైజ్ చేసినందుకు లాభం. అందుకే సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు ఓ కాగితం మీద కూడి చూసుకోండి.

మా 2025 లెక్క చెప్తా. లోన్ కంపెనీ పంపిన ఫారం 1098లో మొదటి గడిలో వడ్డీ 26,600. ప్రాపర్టీ ట్యాక్స్ 10,400. టెక్సస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి సేల్స్ ట్యాక్స్ పెట్టుకున్నాం. రసీదులు దాచక్కర్లేదు, పన్ను శాఖ ఐఆర్‌ఎస్ సైట్‌లో కాలిక్యులేటర్ ఉంది, మాకు 2,000 చూపించింది. ఇక్కడి గుడికి ఇచ్చింది 1,100. వెరసి 40,100, అంటే 8,600 ఎక్కువ. మాది 22 శాతం శ్లాబు కాబట్టి మిగిలింది 1,892 డాలర్లు. 'ఇంతేనా' అన్నారు మా ఆయన.

ఐటమైజ్ చేసే ఫారం, షెడ్యూల్ ఏ నింపేటప్పుడు నేను బోల్తా పడబోయింది ఎస్క్రో దగ్గర. అంటే ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కోసం లోన్ కంపెనీ మన దగ్గర తీసుకుని ఉంచే ఖాతా. నెలనెలా ఎస్క్రోకి పోయిన డబ్బు కూడి 13,700 అని వేసేశాను. అందులో 3,300 ఇంటి ఇన్సూరెన్స్, అది పనికిరాదు. హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) ఫీజూ అంతే, లోన్‌లో తీర్చే అసలూ అంతే. మీ తరఫున కౌంటీకి ఆ ఏడాది నిజంగా ఎంత చేరిందో అదే రాయాలి. కౌంటీ ట్యాక్స్ ఆఫీసు సైట్‌లో మీ అడ్రస్ కొడితే తేదీతో సహా కనిపిస్తుంది. ఇల్లు కొన్న ఏడాదైతే క్లోజింగ్ (కొనుగోలు పూర్తయినప్పటి) కాగితాలూ పక్కన పెట్టుకోండి. అమ్మినాయన తన రోజుల ట్యాక్స్‌ని మీకు క్రెడిట్‌గా ఇచ్చి ఉంటాడు. బిల్లు మొత్తం మీరే కట్టినా ఆ వాటా మీరు క్లెయిమ్ చేయకూడదు.

తేదీ ఎందుకంటారా? మా చెల్లికి ఎస్క్రో లేదు. వడ్డీ 15,000, ప్రాపర్టీ ట్యాక్స్ 11,000, సేల్స్ ట్యాక్స్ 2,000. అన్నీ కలిపినా 28,000, స్టాండర్డే మేలు. కానీ టెక్సస్‌లో బిల్లు అక్టోబర్ ప్రాంతంలో వస్తుంది, కట్టడానికి జనవరి 31 దాకా గడువుంటుంది. 2025 బిల్లు 2026 జనవరిలో, 2026 బిల్లు అదే డిసెంబర్‌లో కడితే రెండూ ఒకే ఏడాదిలో పడి 39,000 అవుతుంది. ఆ పక్క ఏడాది మళ్లీ స్టాండర్డ్ తీసుకుంటుంది. 2024 దాకా ఈ ఉపాయం పారేది కాదు, ప్రాపర్టీ, సేల్స్ ట్యాక్సులు కలిపి 10,000కే హద్దు. 2025కి దాన్ని 40,000 చేశారు. ఆదాయం 500,000 దాటినవాళ్లకు మాత్రం తగ్గుతూ వస్తుంది.

హైదరాబాద్ ఫ్లాట్ గురించి అందరూ అడుగుతారు. అద్దెకివ్వకుండా మీరే ఉంచుకుని, బ్యాంకుకి తనఖా పెట్టిన లోన్ అయితే రెండో ఇల్లుగా దాని వడ్డీ వేసుకోవచ్చు. ఇక్కడి అప్పుతో కలిపి 750,000 డాలర్ల అప్పు దాకా వడ్డీకే అది చెల్లుతుంది. అక్కడి బ్యాంకు 1098 ఇవ్వదు కాబట్టి వడ్డీ సర్టిఫికెట్ తెప్పించుకోండి. జీహెచ్‌ఎంసీకి కట్టే ఇంటిపన్ను మాత్రం కుదరదు, తిరుమల హుండీలో వేసిందీ కుదరదు.